పిల్లికి బిచ్చం పెట్టేవాళ్ళు

పరమ పిసినారిని గురించి చెప్పవలసివస్తే మనవాళ్ళు "వాడు పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటారు. దానధర్మాలన్నింటిలోకి పిల్లికి పెట్టే బిచ్చం అతి చిన్నదనీ, ఆ మాత్రం కూడా చేయనివాడు మనిషే కాడనీ దాని భావం. కంచంలో మిగిలిన నాలుగు మెతుకులు, గిన్నె అడుగున గుక్కెడు పాలు, ఇందులో పోయేదేముంది అని పెద్దల ఉద్దేశం కాబోలు! ఆ సామెత పుట్టించిన మహానుభావుడెవరో గాని, జబ్బుపడిన పిల్లిని ఒక్కదాన్ని ఇంటికి తెచ్చి సాకిన పాపాన పోలేదని మాత్రం ఘంటాపథంగా చెప్పగలను.

అసలు మన సాహిత్యం పిల్లి విషయంలో మొదటినుంచీ కాస్త కఠినంగానే ఉన్నది. హితోపదేశంలో దీర్ఘకర్ణమనే పిల్లి ముసలి గద్దకు ధర్మపన్నాలు చెప్పి, చెట్టుమీది పక్షిపిల్లల్ని తిని చక్కాపోతుంది. దొంగజపం చేసేవాడికి శాస్త్రకారులు పెట్టిన పేరు బిడాలవ్రతుడు. తెనాలి రామకృష్ణుని కథలో పిల్లి మూతి కాల్చుకుని, పాలగిన్నెను చూస్తేనే పారిపోతుంది. ఆ కథ విని మనం తరతరాలుగా నవ్వుతున్నామే గాని, దాని మూతికి ఎవరైనా వెన్న రాశారా అని అడిగినవాళ్ళు లేరు.

ఒక్కచోట మాత్రం పిల్లికి గొప్ప గౌరవం దక్కింది. విశిష్టాద్వైతులు శరణాగతిని వివరించేటప్పుడు రెండు న్యాయాలు చెబుతారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది. అది మర్కటకిశోర న్యాయం. పిల్లికూన మాత్రం ఏమీ చేయదు. తల్లే దాన్ని మెడ దగ్గర కరుచుకుని తీసుకుపోతుంది. ఇది మార్జాలకిశోర న్యాయం. భక్తుడు ఆ కూనలాంటివాడు, భగవంతుడు ఆ తల్లిలాంటివాడు.

క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంటుంది. ఆ తల్లే లేకపోతే? కూనను కరుచుకునే నోరే లేకపోతే? ఆ పని ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవలసిందే. అలా వేసుకున్నవాళ్ళు మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు. వాళ్ళ చేతుల్లో పిల్లులకు ఏమవుతుందో అడిగేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకు ఏమవుతుందో అడిగేవాళ్ళు దాదాపు లేరు. ఈ వ్యాసం దాన్ని గురించి.

సంచిలో వచ్చే చుట్టాలు

నేను రాజమహేంద్రవరంలో ఒక కాలేజీలో తెలుగు చెబుతాను. ఇంట్లో మావారు, అత్తగారు, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి. ఏడేళ్ళ క్రిందట ఒక వానరాత్రి పక్కింటి ప్రహరీ మీద అరుస్తున్న కూనను మా అమ్మాయి లోపలికి తెచ్చింది. ఆ ఒక్కదానితో మా వీధిలో నాకు పేరొచ్చింది. ఇలాంటి పేరు ఒకసారి వస్తే పోదు. ఈ ఏడేళ్ళలో మా పెరటిగదిలోకి 43 పిల్లులు వచ్చాయి. వాటిలో 21 మంచి ఇళ్ళకు చేరాయి. నాలుగు మా దగ్గరే ఉండిపోయాయి. మిగిలిన 18 చనిపోయాయి. లెక్క కచ్చితంగా ఎలా తెలుసంటే, మా అమ్మాయి పాత నోటుపుస్తకంలో తేదీలతో సహా రాసి ఉంచుతున్నది గనుక.

ఇవి ఎక్కడినుంచి వస్తాయి? అడవిలోంచి కాదు, మన ఇళ్ళలోంచే. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు. తొమ్మిది వారాలు మోసి, ఈతకు మూడు మొదలు అయిదు వరకు పిల్లల్ని పెడుతుంది. ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనగలదు. ఎలుకల బాధకు తాళలేక ఒక పిల్లిని చేరదీసిన గృహస్థు, మరుసటి ఏడు తిరిగేసరికి ఏడెనిమిదింటికి యజమాని అవుతాడు. అప్పుడు గోనెసంచి గుర్తుకొస్తుంది. చేపల మార్కెట్టు దగ్గర వదిలితే తిండికి లోటుండదని ఒకరు, గుడి దగ్గరైతే పుణ్యాత్ములు చూసుకుంటారని మరొకరు సమాధానం చెప్పుకుంటారు. కళ్ళు తెరవని కూనకు మార్కెట్టయినా ఎడారి అయినా ఒక్కటే. ఎదిగినదానికీ అంతే. కొత్తచోట అప్పటికే పాతుకుపోయిన పిల్లులు దాన్ని బతకనివ్వవు.

ఇందులో దుర్మార్గులు తక్కువ. సంచి మోసుకొచ్చేవాళ్ళు చాలామంది మనలాంటి మర్యాదస్థులే. చంపడానికి చేతులు రావు, పెంచడానికి వీలు కాదు. మధ్యేమార్గంగా, తమ కళ్ళ ఎదుట చావకుండా ఏర్పాటు చేస్తారు. ఆ చావు మరొకరి కళ్ళ ఎదుట జరుగుతుందన్న సంగతి వాళ్ళకు తోచదు.

చేతిలో వంద గ్రాముల ప్రాణం

అప్పుడే పుట్టిన పిల్లికూన బరువు దాదాపు 100 గ్రాములు, అంటే ఒక పెద్ద నిమ్మకాయంత. అది తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి పొట్ట దాని పొయ్యి. ఆ పొయ్యి లేనప్పుడు వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. ఒళ్ళు చల్లబడిన కూనకు ముందు వెచ్చదనం, ఆ తరువాతే పాలు. చల్లటి కడుపులో పాలు అరగవు. ఆవుపాలు, గేదెపాలు అసలే పనికిరావు. విరేచనాలు పట్టుకుని ఒక్క రోజులో నీరసించిపోతుంది. పిల్లికూనల కోసం తయారయ్యే పాలపొడి వేరే ఉన్నది. దాన్ని కలిపి రెండు మూడు గంటలకు ఒకసారి, పగలనక రాత్రనక పట్టాలి. పసిబిడ్డకు పట్టినట్లు వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచే పట్టాలి.

ఇంతటితో అయిపోలేదు. మొదటి రెండు మూడు వారాలు కూన తనంతట తాను మలమూత్రాలు విసర్జించలేదు. తల్లి నాలుకతో నాకి చేయించే ఆ పనిని మనం తడి దూదితో చేయించాలి. రోజూ తూకం వేయాలి. రోజుకు పది పదిహేను గ్రాములు పెరుగుతుంటే బతుకుతుందని ఆశ. ముల్లు కదలకపోతే భయం. బంగారం తూచే బుల్లి త్రాసు ఒకటి కొని తెచ్చారు మావారు. ఆ త్రాసు ముల్లు వంక చూసినంత ఆత్రంగా నేను ఏనాడూ పరీక్షా ఫలితాల వంక చూడలేదు.

మా అత్తగారు మొదట్లో "ఎందుకొచ్చిన గొడవే అమ్మాయ్, ఉద్యోగం చేసుకునేదానివి" అంటూ సణిగేవారు. ఇప్పుడు రాత్రి రెండు గంటల పాలు ఆవిడవే. "నాకెలాగూ నిద్ర పట్టదు కదా" అంటారు. ఆరుగురు బిడ్డల్ని కని నలుగుర్ని దక్కించుకున్న తల్లి ఆవిడ. కూన పాలు తాగడం మానేసిందంటే నాకంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. "ఇది నిలవదే" అని మెల్లగా అంటారు. ఆవిడ మాట తప్పిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

2022 జూలై

ఆ నెలలో గోదావరి పొంగి ఊరంతా గట్టు మీదనే ఉన్నది. ఒక తెల్లవారుజామున మా గేటుకు కూరగాయల సంచి తగిలించి ఉన్నది. అందులో నాలుగు కూనలు, నెలా పదిహేను రోజుల వయసు, తల్లిపాలు మరిచినవి, పాకే దశ దాటి గంతులేసేవి. కొత్తగా వచ్చినవాటిని విడిగా పెరటిగదిలో ఉంచడం మా ఇంటి కట్టుబాటు గనుక అలాగే ఉంచాము. మూడో రోజున ఒకటి వాంతి చేసుకుని, నీళ్ళగిన్నె ముందు తల వాల్చి కూర్చున్నది. నీళ్ళు తాగదు, గిన్నె వదలదు. డాక్టరుగారు చూసి, "పాన్‌ల్యూకోపీనియా అండీ, మిగతావాటికీ అంటుకునే ఉంటుంది" అన్నారు.

ఈ జబ్బు గురించి పిల్లిని పెంచే ప్రతివారూ తెలుసుకోవాలి. ఇది పార్వో జాతి వైరస్ వల్ల వస్తుంది. పేగుల లోపలి పొరనూ, రక్తంలోని తెల్లకణాలనూ ఒక్కసారే నాశనం చేస్తుంది. కోట గోడ కూలడమూ, సైన్యం చావడమూ ఒకేనాడు జరిగినట్లన్నమాట. ఆ వైరస్‌ను చంపే మందంటూ ప్రత్యేకంగా లేదు. సెలైను ఎక్కించి, వాంతులు కట్టించి, ఇతర క్రిములు దాడి చేయకుండా మందులిచ్చి, ఒంటికి పోరాడే వ్యవధి కల్పించడమే వైద్యం. టీకా పడని కూనల్లో ఎక్కువ భాగం దక్కవు. పోతూ పోతూ ఆ క్రిమి నేలనూ, గుడ్డలనూ పట్టుకుని ఏడాదిదాకా బతికే ఉంటుంది. సబ్బుకూ, ఫినాయిలుకూ లొంగదు. బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి. విచిత్రమేమిటంటే ఇంత భయంకరమైన జబ్బుకు చక్కని టీకా ఉన్నది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా వేయిస్తే చాలు.

ఆ వారం రోజులూ చర్మం క్రింద సెలైను ఎక్కించడం, సూదులు, గంటగంటకూ గుడ్డలు మార్చడం. 7,400 రూపాయలు ఖర్చయ్యాయి. మంగళవారం ఒకటి, బుధవారం ఒకటి పోయాయి. శుక్రవారం ఉదయం మూడోది నా ఒడిలోనే పోయింది. అప్పటికి ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదిన్నరకు నాకు క్లాసు ఉన్నది. పెరట్లో జామచెట్టు క్రింద మావారు గొయ్యి తీస్తూ, "నువ్వు వెళ్ళు, నేను చూసుకుంటాను" అన్నారు. స్నానం చేసి, చీర మార్చుకుని, కాలేజీకి వెళ్ళాను. స్టాఫ్‌రూములో ఒకావిడ "ఏమండీ, అలా ఉన్నారేం?" అని అడిగింది. "పిల్లిపిల్ల చచ్చిపోయిందండీ" అన్నాను. ఆవిడ "అంతేనా! ఎవరికేమైందో అని హడలిపోయాను" అని హాయిగా నిట్టూర్చింది. ఆవిడ మంచి మనిషే. ఆ ఊరటా నిజమైనదే. కాని ఆ "అంతేనా" అన్న మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

నాలుగోది బతికింది. మా అత్తగారు దానికి పెంటమ్మ అని పేరు పెట్టారు. పుట్టిన బిడ్డలు వరుసగా పోతూంటే, ఒక్కటైనా నిలవాలని పెంట మీద దొర్లించి పెంటయ్య, పెంటమ్మ అని పిలుచుకున్న తల్లుల ఆచారం అది. ఆ పేరులో ఎంత భయం ఉన్నదో, ఎంత ఆశ ఉన్నదో ఆవిడకే తెలుసు.

లెక్కలోకి రాని దుఃఖం

చావు జరిగిన ఇంటికి నలుగురూ వస్తారు. కూర్చుంటారు, తలో మాటా చెబుతారు. పది రోజులు మైల, పన్నెండోనాడు భోజనం. మన పెద్దలు ఏర్పరచిన ఈ తంతులన్నీ దుఃఖానికి కట్టిన మెట్లు. ఒక్కొక్క మెట్టే దిగి మనిషి మళ్ళీ లోకంలో పడతాడు. పిల్లి పోయినవాడికి ఈ మెట్లు లేవు. సెలవు అడగలేడు, కంటతడి పెట్టుకుంటే నవ్వుతారు. "పోతే పోయింది, మరొకటి తెచ్చుకో" అంటారు. కెన్నెత్ డోకా అనే అమెరికన్ పండితుడు 1989 లో ఇలాంటి దుఃఖానికి ఒక పేరు పెట్టి పుస్తకం తెచ్చాడు. లోకం గుర్తించని దుఃఖం, ఏడవడానికి హక్కు లేని దుఃఖం అని దాన్ని తెలుగులో చెప్పుకోవచ్చు. హక్కు లేదు గదా అని దుఃఖం ఊరుకోదు. లోపలే గూడు కట్టుకుంటుంది.

అది ఎలా బయటపడుతుందో నాకు తెలిసినంతవరకు చెబుతాను. రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది. ఎక్కడో కూన అరిచినట్లుంటుంది. లేచి వెతికితే ఏమీ ఉండదు. వంటింట్లో కుక్కరు ఈల వేసినా అదే అరుపు. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే గుండె దడదడలాడుతుంది. మనుషుల మీద కోపం పెరుగుతుంది. ఒక పెళ్ళి పంక్తిలో నా పక్కన కూర్చున్నాయన, "మా ఇంట్లో పిల్లి అయిదింటిని పెట్టిందండీ. సంచిలో వేసి గట్టు దగ్గర దింపి వచ్చేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది" అని నవ్వుతూ చెప్పాడు. నాకు ఆ తరువాత విస్తట్లో బొబ్బట్టు మింగుడు పడలేదు.

కోపం కన్నా భయపడవలసింది ఇంకొకటి ఉన్నది. అది ఏమీ అనిపించకపోవడం. మా నోటుపుస్తకంలో పదహారో చావు జరిగిన రోజున నేను తేదీ, సమయం రాసి, గిన్నె కడిగి బోర్లించి, మిగిలిన పేపర్లు దిద్దుకోవడానికి కూర్చున్నాను. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, నీకు ఏడుపు రాలేదా?" అని అడిగింది. రాలేదు. రాలేదన్న సంగతి కూడా అది అడిగేవరకు నేను గమనించలేదు.

ఇది నాకొక్కదానికే వచ్చిన వింతజబ్బు కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. 1992 లో జోయిన్సన్ అనే అమెరికన్ రచయిత్రి ఆస్పత్రి నర్సుల విషయంలో దీన్ని గురించి రాసింది. 1995 లో ఫిగ్లీ అనే ఆచార్యుడు దీనిమీద ఒక గ్రంథం వెలువరించాడు. బాధపడేవారిని కనిపెట్టుకుని ఉండేవారికి, ఆ బాధే కొంచెం కొంచెంగా సోకి, చివరకు దయ చూపే శక్తే అలిసిపోతుందని వాళ్ళు చెప్పినదాని సారాంశం. నర్సులకూ, అగ్నిమాపకదళంవారికీ వచ్చేదే పశువైద్యులకూ, జంతుశాలల్లో పనిచేసేవారికీ వస్తున్నది.

తెలుగు చెప్పుకునేదాన్ని గనుక ఇక్కడ ఒక మాట చెప్పనివ్వండి. మనం వాడుకలో కరుణ అంటే దయ అంటాం. అలంకారశాస్త్రంలో కరుణరసానికి స్థాయీభావం దయ కాదు, శోకం. పిల్లలకు ఏటా చెప్పే పాఠమే ఇది. క్రౌంచపక్షి కూలిపోతే వాల్మీకికి కలిగిన శోకమే శ్లోకమయిందంటారు. అంటే శోకం అడుగున లేకుండా కరుణ నిలవదు. ఏడుపు రానివాడు గట్టివాడు అనుకుంటాం. నిజానికి అతనిలో ఊట అడుగంటుతున్నదన్నమాట. మా అమ్మాయి అడిగిన ఆ ప్రశ్న నాకు ఏ అలంకారగ్రంథమూ చెప్పనంత స్పష్టంగా ఈ సంగతి చెప్పింది.

మందు ఉన్నప్పటి బాధ

వైద్యం పెరిగినకొద్దీ ఈ భారం తగ్గుతుందని అనుకుంటాం. సగం నిజం. పిల్లులకు ఎఫ్.ఐ.పి. అనే జబ్బు ఒకటి వస్తుంది. కడుపులో నీరు చేరి, కామెర్లు వచ్చి, కొన్ని వారాల్లో పోయేవి. చాలాకాలం దానికి మందే లేదు. 2019 లో పెడర్సన్ అనే అమెరికన్ పశువైద్యుడు, ఆయన సహచరులు ఒక కొత్త మందుతో అది నయమవుతుందని ప్రకటించారు. ఇప్పుడు ఎన్నో పిల్లులు దానివల్ల బతుకుతున్నాయి. ఎంతో సంతోషించవలసిన సంగతి. అయితే ఆ వైద్యానికి సాధారణంగా 84 రోజుల పద్ధతి పాటిస్తూ వచ్చారు. అన్ని రోజుల మందు మధ్యతరగతి సంసారానికి తేలికయిన ఖర్చు కాదు.

ఇదివరకు "మందు లేదమ్మా" అని డాక్టరు చెబితే దైవనిర్ణయమనుకుని తల వంచేవాళ్ళం. ఇప్పుడు మందు ఉన్నది. ఒక్క పిల్లికి ఆ మందు వాడితే, ఆ సొమ్ముతో పది ఆడపిల్లులకు ఆపరేషను చేయించవచ్చునే, ఇరవై కూనలకు టీకా వేయించవచ్చునే అని లెక్క వేసుకోవలసి వస్తున్నది. నిర్ణయం దేవుడి చేతిలోంచి మన చేతిలోకి వచ్చింది. ఆ బరువు మోయడం అలవాటు కావడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇంకా అలవాటయిందని చెప్పను.

శిబి త్రాసు

మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక పెద్దావిడ ఉండేవారు. టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లలు దూరాన ఉన్నారు. ఎవరు పిల్లిని తెచ్చినా కాదనేవారు కారు. రెండు గదుల ఇంట్లో 26 పిల్లులు చేరాయి. పింఛను అంతా వాటి చేపలకూ, మందులకే సరిపోయేది. ఆవిడ ఒంటిపూట భోజనానికి దిగారు. వాసన భరించలేమని కొడుకూ కోడలూ రావడం మానేశారు. ఒకదానికి గజ్జి వస్తే అన్నింటికీ వచ్చేది. చివరకు ఆవిడే మంచాన పడి, తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండవలసి వచ్చింది. చూడబోతే నా చెయ్యి పట్టుకుని, "వద్దు అనే మాట నాకు నోట రాదమ్మా. లెక్చరరువు గదా, ఆ ఒక్క మాటా నాకు నేర్పు" అన్నారు.

నాకు శిబిచక్రవర్తి గుర్తుకొచ్చాడు. పావురానికి సరితూగేటంత మాంసం కోసి ఇస్తానని మాట ఇచ్చి, తొడ కోసినా భుజం కోసినా త్రాసు లేవకపోతే, ఆఖరున తానే తట్టలో ఎక్కి కూర్చున్నాడు. అది అగ్నీ ఇంద్రుడూ పెట్టిన పరీక్ష గనుక చివరకు ఒళ్ళు మళ్ళీ వచ్చింది. మన వీధుల్లోని త్రాసుకు అలాంటి హామీ ఏదీ లేదు. పైగా శిబి తూచింది ఒక్క పావురాన్ని. ప్రతి వానాకాలం కొత్త సంచి వస్తుంటే, మనిషి ఎంతమంది కోసం తట్టలో కూర్చోగలడు?

ఆవిడ పిల్లుల్ని మేము పదిమందిమి పంచుకున్నాము. ఆ తరువాత మాలో మేము కొన్ని కట్టుబాట్లు చేసుకున్నాము. ఒకేసారి ఒక్క ఈత కూనలకు మించి ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు. ఎవరి దగ్గర ప్రాణి పోయినా మరొకరు వెళ్ళి ఆ సాయంత్రం వాళ్ళతో కూర్చోవాలి. పోయిన తరువాత నెలరోజులు కొత్తదాన్ని తీసుకోకూడదు. పాన్‌ల్యూకోపీనియా వచ్చిన ఇల్లయితే టీకా పడని కూనను ఏడాదిపాటు గడప దాటనివ్వకూడదు. ఏడుపు వస్తే ఏడవాలి. ఇందులో చివరిది మా అమ్మాయి చేర్చింది.

కట్టుబాటు పెట్టుకోవడం సులువు. నిలబడడం కష్టం. 2023 నవంబరులో ఒకాయన ఫోను చేసి మూడు కూనలున్నాయన్నాడు. అప్పటికే నా గది నిండుగా ఉన్నది. వద్దన్నాను. వెచ్చదనం ఎలా ఇవ్వాలో, ఏ పాలు పట్టాలో అన్నీ చెప్పాను. ఆయన "సరే లెండి" అని ఫోను పెట్టేశాడు. ఆ మూడింటికీ ఏమయిందో నాకు నేటికీ తెలియదు. నోటుపుస్తకంలో ఉన్న 18 పేర్లకంటే, అందులో లేని ఆ మూడే నన్ను ఎక్కువగా పీడిస్తాయి. అయినా మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ వద్దనే అంటాను. ఆ రోజు నా గదిలో ఉన్న కూనలు నాలుగూ బతికాయి.

మీరు చేయగలిగినది

ఇంత చదివి పాఠకులు దిగులు పడిపోతారేమోనని నా భయం. ఈ పనిలో దిగులొక్కటే ఉంటే ఏడేళ్ళు ఎవరూ చేయరు. తల్లి కడుపులో ఉండగానే పాన్‌ల్యూకోపీనియా సోకడం వల్ల నడక కుదరని కూన ఒకటి మా ఇంట్లో ఉన్నది. అటూ ఇటూ తూగుతూ నడుస్తుంది గనుక ఉయ్యాల అని పిలుస్తాం. దానికి నొప్పి లేదు, ఆ తూగు ఎక్కువా కాదు. పది అడుగులకు నాలుగుసార్లు పడి, పడిన ప్రతిసారీ అదే తన ఉద్దేశమన్నట్లు అక్కడే కూర్చుని ఒళ్ళు నాకుకుంటుంది. మా అత్తగారి మోకాళ్ళ నొప్పులకు అది గొప్ప ధైర్యం.

ఇక, మీ ఇంట్లో ఆడపిల్లి ఉంటే నాలుగైదు నెలలు నిండగానే ఆపరేషను చేయించండి. సంచుల పరంపర ఆపగలిగేది ఇదొక్కటే. టీకాలు వేయించండి. దారిలో కూనలు కనబడగానే ఎత్తుకురాకండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు అననే అన్నారు. తల్లి ఒక్కొక్కదాన్నే మోస్తూ మధ్యలో ఉండవచ్చు. ప్రమాదం లేని చోటయితే దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. పిల్లికి జ్వరం వచ్చిందని మన మాత్ర విరిచి వేయకండి. పారాసిటమాల్‌ను విరుగుడు చేసుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు, ప్రాణం తీస్తుంది. పిల్లి కరిచినా గీరినా సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరును చూడండి. రేబిస్ కుక్కవల్లనే వస్తుందనుకోకండి.

పెంపుడు జంతువును ఆకలిదప్పులకు మాడేలా వదిలివేయడం మన దేశంలో నేరమే. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టి కదిలించిన ప్రయత్నం ఫలితంగా 1960 లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. 1962 లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆవిడే తొలి అధ్యక్షురాలు. అయితే ఆ చట్టం మొదటి తప్పుకు పెట్టిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయలు. దానికి జడిసేవాడెవడు? మద్రాసులో 1959 లో, హైదరాబాదులో 1992 లో పుట్టిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు ఎంత చేస్తున్నా, ప్రతి వీధికీ అవి రాలేవు. వీధిలో ఉండేది వీధిలోని మనిషే.

ఆ మనిషి మీ వీధిలోనూ ఉండే ఉంటుంది. పొద్దున్నే గిన్నె పట్టుకుని సందు చివర నిలబడే ఆవిడో, స్కూటరు డిక్కీలో పిల్లుల మందులు పెట్టుకు తిరిగే కుర్రవాడో. వాళ్ళ గేటుకు సంచి తగిలించి వెళ్ళకండి. ఒక కూనను మీ ఇంట్లో నెలరోజులు ఉంచుకుంటామనండి. ఒక ఆపరేషను ఖర్చు ఇవ్వండి. ఏదీ వీలుకాకపోతే, వాళ్ళ దగ్గర ఏదైనా పోయిందని తెలిసిన రోజున ఓ పది నిమిషాలు వెళ్ళి కూర్చోండి. దాని పేరేమిటని అడగండి. వాళ్ళు చెబుతారు; దాని కథంతా చెబుతారు. మీరు మధ్యలో "అంతేనా" అనకుండా వినండి, చాలు.